వంటింటి బాయిలరూ, గడువు మేడమ్ క్లాసూ

గడువు మేడమ్ అన్న పేరు ఆవిడకి విద్యార్థులు పెట్టింది. కాలేజీలో చేరిన కొత్తలోనే పెట్టేశారు. లెక్క ఇచ్చినా, బొమ్మ గీయమన్నా, ఆఖరికి ఎవరైనా దగ్గొస్తోంది మంచినీళ్ళు తాగి వస్తానన్నా, "ఎప్పటిలోగా?" అని అడగడం ఆవిడకి అలవాటు. ఆ పేరు చెవిన పడ్డ రోజున కోప్పడలేదు సరికదా, స్టాఫ్ రూములో తనే అందరికీ చెప్పి నవ్వించింది.

"ఇచ్చిన లెక్కలు నెల తిరిగినా తేరు. పేరు మాత్రం వారంలో పెట్టేశారు. చేతకాక కాదన్నమాట," అంది.

పనులు ఒక వరసలో పెట్టడం ఆవిడకి కాలేజీలో వచ్చిన విద్య కాదు, ఉగ్గుపాలతో వచ్చింది. తల్లి ఆసుపత్రిలో నర్సు. తెల్లవారుతూనే డ్యూటీకి వెళ్ళిపోయేది. తండ్రికి రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పని. ఇంట్లో ఒక్కటే స్నానాల గది. పిల్లలేమో మెట్లలాగా ఒకరి వెనక ఒకరు, అందరికన్నా పైమెట్టు తను. ఎవరు ముందు స్నానం చెయ్యాలి, ఆలోగా ఎవరు జడ వేయించుకోవాలి, పొయ్యి మీద పాలు ఎవరు చూడాలి, ఇదంతా లంగా ఓణీల వయసు రాకముందే నోటిలెక్కన నడిపేది. "నువ్వు బస్సెక్కాలి, వాడు నడిచి వెళ్తాడు, కాబట్టి ముందు నువ్వు," అని తీర్పు చెబితే దానికి తిరుగులేదు. చిన్న తమ్ముడు మాత్రం అప్పుడప్పుడు సబ్బు దాచేసి ఇల్లంతటినీ స్తంభింపజేసేవాడు. గోరంత సబ్బు కొండంత పనిని ఎలా ఆపుతుందో ఆవిడకి అప్పుడే బోధపడింది.

ఇంజనీరింగ్ చదివి కాగితం మిల్లులో చేరింది. ఆ మిల్లు ఏడాది పొడుగునా రేయింబవళ్ళు తిరుగుతూనే ఉండేది. ఏడాదికి ఒక్కసారి యంత్రాలన్నీ ఆపి, విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించేవారు. దాన్ని షట్‌డౌన్ అనేవారు. ఆ కొద్ది రోజుల్లో ఎవరు ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో నిర్ణయించే గది ఆవిడది. యంత్రాల హాలు పైన అద్దాల గది. కింద కాగితం గుజ్జు వాసన, పైన ఆవిడ గొంతు. ఒక పక్క వెల్డర్లు, ఇంకో పక్క కరెంటు వాళ్ళు, మధ్యలో క్రేను తనకే కావాలని ఇద్దరు ఫోర్‌మన్లు జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని. అందరూ ఆవిడ మాట కోసం తలెత్తి చూసేవారు. ఆవిడ వేలు చూపించిన వైపు క్రేను తిరిగేది. ఇరవై ఏళ్ళకి పైగా అలా గడిచాయి. నిజం చెప్పాలంటే, ఆవిడకి ఆ హడావిడి అంటే ప్రాణం.

తర్వాత మిల్లు యజమానులు అడవులకి దగ్గరగా ఉంటుందని మిల్లుని ఎక్కడికో దూరం తరలించారు. ఆవిడని రమ్మన్నారు కూడా. కానీ భర్తకి ఈ ఊళ్ళోనే డ్రైవింగ్ స్కూలు. అత్తగారేమో, "నేను ఈ వీధి దాటను. కావాలంటే మిల్లునే మళ్ళీ ఇక్కడికి తెమ్మను," అని కుండ బద్దలు కొట్టింది. సరిగ్గా అదే సమయంలో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఆఖరి రెండేళ్ళ వాళ్ళకి ప్రాజెక్టులు నడపడం నేర్పేవారి కోసం వెతుకుతున్నారు. ఏదో పెద్ద ఫ్యాక్టరీ కట్టాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా, పనిని ముక్కలుగా విడగొట్టి, దేని తర్వాత ఏది, ఎవరితో, ఎంత కాలంలో అని ముందే ఆలోచించి నడిపించే చదువది. ఆవిడకి నల్లేరు మీద నడక. చేరిపోయింది.

నడక అనుకుంది గానీ, మొదటి ఏడాది చతికిలపడింది.

క్లాసులో పిల్లలు బుద్ధిగానే కూర్చునేవారు. చెప్పింది రాసుకునేవారు. వెనక బెంచీలో ఒకడు మాత్రం నోరు మూయకుండా ఆవలించేవాడు. వాణ్ణి తోటివాళ్ళంతా ఆవలింత అనే పిలిచేవారు. ముందు బెంచీలో అందుకు పూర్తిగా విరుద్ధమైన అమ్మాయి, పేరు లౌడ్‌స్పీకర్. ఆ అమ్మాయి జవాబు చెబితే పక్క క్లాసు వాళ్ళు కూడా రాసుకునేవారు. అలా ఆవలింతల మధ్య, అరుపుల మధ్య ఏడాది గడిచి పరీక్ష వచ్చింది.

ఒక గోదాము కట్టడానికి పనుల క్రమం గీసి, మొత్తం ఎన్ని రోజులు పడుతుందో లెక్కగట్టమని అడిగింది మేడమ్. ఇంట్లో భోజనాల బల్ల మీద పేపర్లు దిద్దుతూ ఒకచోట ఆగిపోయింది. ఒక విద్యార్థి ముందు గోడలకి రంగు వేశాడు. ఆ తర్వాత గోడలు కట్టాడు. ఆపైన పునాది తవ్వాడు. కూడికలు మాత్రం అక్షరాలా సరిపోయాయి. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. తర్వాతి పేపరు తీస్తే అదే వరస, దాని తర్వాతదీ అదే. ఒకణ్ణి చూసి ఒకడు ఎక్కించారు, అందరూ కలిసి గాలిలో రంగు వేశారు. అప్పటికి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఏమైంది? ఇప్పటిదాకా పకపకలాడుతున్నావు," అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"వీళ్ళకి నేను కూడికలు నేర్పానండీ. పని నేర్పలేదు."

భర్తకి నవ్వొచ్చింది. "నా దగ్గరికీ వస్తారు అలాంటివాళ్ళు. రోడ్డు గుర్తులన్నీ కంఠతా వచ్చు. కారెక్కగానే ఎదురింటి గేటులోకి దూరుస్తారు. ఒడ్డున కూర్చుని ఈత పాఠం చెబితే ఇంతే మరి. వాళ్ళ చేతికి స్టీరింగ్ ఇచ్చావా అసలు?"

"ఫ్యాక్టరీ ఎక్కడినుంచి తెచ్చివ్వను?"

"అది నాకు తెలీదు. నా కార్లో నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది కాబట్టి నేను ధైర్యంగా ఇస్తాను. నువ్వు ఎలా ఇస్తావో నువ్వే చూసుకో," అని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అత్తగారు మాత్రం గోదాము కథ విని తీర్పు చెప్పేసింది. "రంగు ముందు వేశాడంటే వాడికి అందం మీద మనసుందన్నమాట. ఒక మార్కు వెయ్యి పాపం."

వీళ్ళకి ఇంకో ఏడాది చదువు ఉంది, ఆ ఏడాదిలోనూ ఆవిడ క్లాసు ఉంది. సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన కొద్ది రోజులకే హాస్టల్ వంటింట్లో బాయిలర్ కన్ను మూసింది. వంటకి ఆవిరి ఇచ్చేది అదే. ఎప్పటి ముసలిదో, అతుకుల మీద అతుకులు వేయించుకుని ఇంతకాలం నెట్టుకొచ్చింది. ఇక లాభం లేదు, తీసేసి కొత్తది పెట్టాల్సిందేనన్నారు పరీక్షించినవాళ్ళు. అతికించి ఒక నెల నడిపితే నడుస్తుంది, అంతకు మించి పూచీ లేదన్నారు. ఆ మాట వినగానే గడువు మేడమ్ సరాసరి ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది.

"బాయిలర్ మార్పిడి నా క్లాసుకి ఇవ్వండి సార్."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి భయమేస్తే చేసే మొదటి పని అది. "విరిగిన బెంచీలు ఉన్నాయమ్మా, అవి ఇస్తాను. కారే పైకప్పు ఉంది, అదీ తీసుకోండి. హాస్టల్ పిల్లల కడుపులు మాత్రం మీ చేతిలో పెట్టలేను."

"బెంచీ విరిగితే ఎవరికి పట్టింది సార్? కింద కూర్చుంటారు. అన్నం ఆగిపోతుందంటే ఒక్కడైనా నిద్రపోతాడా? అందుకే ఇదే కావాలి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. వెల్డింగూ బిగింపూ అనుభవమున్న కాంట్రాక్టు మేస్త్రీయే చెయ్యాలి. పిల్లలు పథకం వేసి నడిపించాలి, అంతే. ఒక్క పూట కూడా ఎవరూ పస్తు పడుకోకూడదు.

"అంతే అంటున్నారు మీరు. అసలు పనంతా అదే సార్," అంది మేడమ్ లేస్తూ.

క్లాసులో విషయం చెప్పగానే సంబరం అంబరాన్నంటింది. లౌడ్‌స్పీకర్‌ని నాయకురాలిగా ఎన్నుకున్నారు. ఎన్నుకోకపోయినా ఆ అమ్మాయే అయ్యేది. వారం తిరిగేసరికి వరండా గోడ నిండా రంగు కాగితాలు అంటించారు. పునాదికి ఆకుపచ్చ, పైపులకి నీలం, కరెంటుకి పసుపు. కొత్త బాయిలర్ రావడం, క్రేనుతో దించడం, బిగించడం, పరీక్షించడం, అన్నీ వరసగా ఉన్నాయి. ఈసారి రంగు వేయడం చిట్టచివరికి వెళ్ళింది. మేడమ్ గోడ ముందు నిలబడి చదివి, చేతులు కట్టుకుంది.

అప్పుడు వెనకనుంచి ఆవలింత గొంతు వినిపించింది. "పాతది ఎటునుంచి బయటికెళ్తుంది?"

అందరూ వెనక్కి తిరిగారు. గోడ నిండా కొత్త బాయిలర్ రాకే ఉంది. పాతదాని పోక ఎక్కడా లేదు. అందరూ పొలోమని వంటింటి మీద పడ్డారు. ఆవలింత తన బెల్టు తీసి బాయిలర్ వెడల్పు కొలిచాడు, తలుపు వెడల్పు కొలిచాడు. తలుపు ఇరుకు. ఎప్పుడో బాయిలర్ పెట్టిన తర్వాత దాని చుట్టూ గది కట్టారన్నమాట. గోడ పగలగొడితే తప్ప అది బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు.

"నీకెలా తట్టిందిరా?" అంది లౌడ్‌స్పీకర్, ఆశ్చర్యమూ ఉక్రోషమూ కలిపి.

"నేను రెండుసార్లు వడ్డించుకుంటాను కదా. రెండోసారి లైన్లో నిలబడ్డప్పుడు చూడ్డానికి అదొక్కటే ఉంటుంది," అన్నాడు వాడు బెల్టు పెట్టుకుంటూ.

ఆ రోజునుంచి వాడు క్లాసులో ఆవలించడం తగ్గింది. పూర్తిగా మానలేదు గానీ, తగ్గింది.

ఇంకో పేచీ వంటమాస్టారుతో వచ్చింది. గోడ పగలగొడితే ఆ దుమ్ములో వంట కుదరదు. సైకిల్ షెడ్డులో గ్యాసు పొయ్యిలు పెట్టి వండాలి. ఈ సంగతి చెప్పడానికి లౌడ్‌స్పీకర్ పెద్ద చార్టు పట్టుకుని వెళ్ళి, గుమ్మంలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టింది. ఆయన మధ్యలోనే తలుపు వేసేశాడు.

"చార్టులు ఉడకబెడితే మీరు తింటారా? నన్ను సైకిళ్ళ మధ్య కూర్చోబెడతారా? నేనేమన్నా పంక్చర్లు వేసేవాణ్ణా?" అని లోపలినుంచి వినిపించింది.

ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని మేడమ్ దగ్గరికొచ్చింది. "మీరు చెబితే వింటారు మేడమ్. మీరొక్క మాట..."

"నేను చెబితే నా మాట వింటారు. పని నీది కదా, నీ మాట వినాలి. ఆయన్ని అడిగావా, చెప్పావా?"

"చెప్పాను."

"అదీ సంగతి. ఈసారి అడిగి చూడు."

మర్నాడు ఆ పిల్ల చార్టు లేకుండా వెళ్ళింది. ఆయన పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉల్లిపాయలు తరిగింది. కళ్ళు మండి నోరు మూతబడేసరికి మొదటిసారి ఎదుటిమనిషి మాట పూర్తిగా విన్నది. ఆయన బాధ సైకిళ్ళ గురించి కాదు. షెడ్డులో మంచినీళ్ళ కుళాయి లేదు, గిన్నెలు మోసే మనుషులు లేరు. ఎండ పడితే కూర పులిసిపోతుంది. లౌడ్‌స్పీకర్ ముక్కు ఎగబీలుస్తూ అన్నిటికీ సరేనంది. నీళ్ళ గొట్టం వేయిస్తామంది, గిన్నెలు తామే మోస్తామంది, తామే తోముతామంది. తోముతామన్న మాటకి ఆయన మెత్తబడ్డాడు. "చూస్తాగా ఎంత బాగా తోముతారో," అన్నాడు.

పని మొదలైంది. గోడ పగిలింది. ముసలి బాయిలర్ కర్రల మీద, పైపుల మీద మెల్లగా దొర్లుతూ బయటికొచ్చి ఎండలో కూర్చుంది. కొందరు దానికి వీడ్కోలు పాట కట్టి పాడారు, శ్రుతి లేదు గానీ ప్రేమ ఉంది. కొత్త పునాదికి కాంక్రీటు పోశారు. అది గట్టిపడేదాకా తడుపుతూ కొన్నాళ్ళు ఆగాలి. ఈలోపు క్రేను మాట్లాడిపెట్టారు. బాయిలర్ లారీ ఆలస్యంగా వస్తే ఏం చెయ్యాలో మూడు రకాలుగా ఆలోచించి పెట్టుకున్నారు. మేడమ్ సంతోషంగా ఇంటికెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ కాలేజీకి వచ్చేసరికి గేటు ముందు జనం. గేటుకి అడ్డంగా పొడుగాటి లారీ, దాని మీద కొత్త బాయిలర్ పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ కూర్చుని ఉంది.

రావలసిన రోజుకన్నా ముందే వచ్చేసింది.

పునాది పచ్చిగా ఉంది. క్రేను ఇంకెక్కడో పనిలో ఉంది. లారీ లోపలికి వెళ్ళే దారిలో సైకిల్ షెడ్డు, అందులో పొయ్యిలు, పొయ్యిల మీద పొద్దుటి ఫలహారం ఉడుకుతోంది. బయట కాలేజీ బస్సులు హారన్లు మోగిస్తున్నాయి. ఆలస్యానికి మూడు ఉపాయాలున్నాయి, తొందరకి ఒక్కటీ లేదు.

"లేటుగా వస్తే తిట్లు తిన్నాను గానీ, ముందొచ్చి తిట్లు తినడం ఇదే మొదటిసారి," అంటున్నాడు లారీ డ్రైవరు, కిందకి దిగి చేతులు తిప్పుతూ.

గడువు మేడమ్ చేతిసంచీ వాచ్‌మన్ కుర్చీలో పడేసింది. కొంగు దోపింది. ఎన్నాళ్ళనుంచి నిద్రపోతున్నదో ఆ మిల్లు గొంతు, ఒక్కసారి లేచింది.

"బస్సుల్ని వెనక గేటుకి పంపండి! నువ్వు క్రేను వాళ్ళకి ఫోన్ చెయ్యి. నువ్వు పొయ్యిలు ఆర్పించు. డ్రైవరు గారూ, లారీ రివర్సు తీసి ఊరి చివర సరుకుల గోదాము దాకా పోనివ్వండి, అక్కడ దింపిద్దాం, నేను మాట్లాడతాను!"

జనం కదిలారు. బస్సులు మళ్ళాయి. ఫోన్లు మోగాయి. కుర్రాళ్ళు అటూ ఇటూ పరుగెత్తారు. ఆవిడ వేలు చూపించిన వైపు మనుషులు తిరుగుతున్నారు. ఒంట్లోకి పాత బలమంతా వచ్చినట్టనిపించింది. ఎంత హాయి!

అంతలో కుడిపక్క ఏదో లోటుగా తోచింది. ఏమిటా అని చూస్తే, నిశ్శబ్దం. లౌడ్‌స్పీకర్ గోడకానుకుని నిలబడి ఉంది, చేతిలో పథకం కాగితం నాలుగు మడతలు పెట్టేసి. మొహంలో కోపమేమీ లేదు. సినిమా చూస్తున్నదానిలా చూస్తోంది. పక్కనే ఆవలింత నోరు పెద్దగా తెరిచి ఆవలించాడు.

మేడమ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. "బ్రేకు తొక్కడమేమిటి, నేను ఏకంగా స్టీరింగే లాగేసుకున్నాను," అనుకుంది.

గొంతు సవరించుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "ఇది మీ ప్రాజెక్టు. నేను చెప్పినవి ఉంచుకుంటారో, తీసేస్తారో మీ ఇష్టం. నేను టీ తాగొస్తాను."

"మేడమ్! ఇప్పుడా?"

"ఇప్పుడే. మనిషికీ లోడుకీ దెబ్బ తగిలే పనైతే మాత్రం ముందు మేస్త్రీని అడగండి, నాకు చెప్పండి. మిగతాదంతా మీదే."

వెళ్ళి సైకిల్ షెడ్డులో వంటమాస్టారు వేసిన పీట మీద కూర్చుంది. ఆయన గ్లాసు చేతికిచ్చాడు. ఆ టీ ఎలా ఉందో ఆవిడకి తెలియలేదు. కాళ్ళు లేద్దామంటాయి, మనసు వద్దంటుంది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

"అంత కష్టంగా ఉంటే వెళ్ళి చెప్పెయ్యొచ్చుగా అమ్మా," అన్నాడాయన జాలిపడి.

"మీరు కూర పొయ్యి మీద పెట్టి మాటిమాటికీ మూత తీస్తారా?"

"తీస్తే ఉడకదు."

"నాకూ ఇప్పుడు మూత తియ్యాలనే ఉంది. నన్ను కదలనివ్వకండి."

ఆయన గంటె పట్టుకుని నిజంగానే దారికి అడ్డంగా నిలబడ్డాడు.

కాసేపటికి గేటు వైపునుంచి లౌడ్‌స్పీకర్ గొంతు మోగింది. కానీ ఈసారి అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. "అన్నా, మీకెందుకంత తొందర? రెండు రోజులు ముందు ఎందుకొచ్చారు?"

డ్రైవరు జవాబు అంత దూరానికి వినపడలేదు గానీ, వెంటనే పిల్లలంతా ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. సంగతేమిటంటే, అతనికి ఆడపిల్ల పుట్టిందట. ఇంకా మొహం కూడా చూడలేదు. సరుకు దింపేస్తే అటునుంచి అటే ఇంటికి పోవచ్చని తొందరపడి వచ్చేశాడు. సరుకుల గోదాముకి వెళ్తే అక్కడ వరసలో రోజంతా పడిగాపులు పడాలి. పాప తండ్రిని అలా ఆపడం భావ్యం కాదని పిల్లలు అక్కడికక్కడే తీర్మానించారు.

అప్పుడు ఆవలింత నోరు విప్పాడు, ఆవలించడానికి కాదు. "షెడ్డు దాకా పోనక్కర్లేదు, ఈ పక్క వర్క్‌షాపు వెనక తలుపు లారీ పట్టేంత పెద్దది. లోపల దూలానికి చైన్ పుల్లీ వేలాడుతుంది. పైకి చూస్తూ పడుకున్నప్పుడు దాని మీద ఎంత బరువు ఎత్తొచ్చో రాసి ఉండటం చూశాను. బాయిలర్ బరువు అందులో సగం కూడా లేదు."

"వర్క్‌షాపులో పడుకున్నావా?"

"అక్కడ చల్లగా ఉంటుంది."

మేస్త్రీని పిలిచారు. ఆయన దూలం చూశాడు, గొలుసులు లాగి చూశాడు, కొక్కెం తిప్పి చూశాడు, తలూపాడు. అక్కడ దింపి ఉంచి, పునాది గట్టిపడ్డాక పైపుల మీద దొర్లించుకుంటూ వంటింటికి తీసుకుపోవచ్చు. ఇక క్రేనుతో పనే లేదు. లౌడ్‌స్పీకర్ షెడ్డుకి పరుగెత్తుకొచ్చి ఊపిరి తీసుకోకుండా ఇదంతా మేడమ్‌కి చెప్పింది. "మీరు చెప్పిన గోదాము తీసేశాం మేడమ్. ఫరవాలేదా?"

ఆవిడకి నిజంగా ఆ వర్క్‌షాపు తట్టనే లేదు. అది ఆవిడ లెక్కలో ఒక తరగతి గది. మిల్లులో అయితే గోదామే సరైన దారి, ఆ దారే కాళ్ళకి అలవాటు. "ఫరవాలేదేమిటి, భేషుగ్గా ఉంది," అంది. గ్లాసు పక్కన పెట్టి లేచింది.

లారీ వెనక్కి వెనక్కి నడిచి వర్క్‌షాపులో తోక పెట్టింది. గొలుసులు కిర్రుకిర్రుమన్నాయి. బాయిలర్ గాల్లోకి లేచి, లారీ కిందనుంచి తప్పుకుని, దుంగల మీద మెత్తగా వాలింది. డ్రైవరు వెళ్ళేముందు పిల్లలు అతని జేబులో చాక్లెట్లు కుక్కారు. "పసిపాప ఎలా తింటుంది?" అంటే, "మీరే తినండి, పాప పేరు చెప్పి," అన్నారు.

ఈ గొడవలో పొద్దుటి ఫలహారం మాత్రం ఆలస్యమైంది. మేడమ్ మొదట ఆర్పించిన పొయ్యిల పుణ్యమే అది. హాస్టలంతా పళ్ళేలు వాయించింది. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు.

"పస్తు లేదన్నారు కదమ్మా."

"పస్తు లేదు సార్. ఆలస్యం ఉంది. దానికి బాధ్యత విద్యార్థులది కాదు, నాది."

"సరే పోనివ్వండి, నేనూ తినలేదు. ఎక్కడ వడ్డిస్తున్నారు?" అని ఆయనే పళ్ళెం తీసుకుని లైన్లో నిలబడ్డాడు. ఆయన ముందు ఆవలింత, రెండోసారి వడ్డనకి.

పునాది గట్టిపడింది. బాయిలర్‌ని దొర్లించిన రోజు కాలేజీలో పాఠాలు జరగలేదు. జరిగాయని రిజిస్టర్లు చెప్పినా ఎవరూ నమ్మరు. కింద పైపులు పరిచి, వెనకనుంచి వచ్చిన పైపుని ముందుకి మోసుకెళ్ళి పెడుతూ, వెనక తాడు పట్టి ఆపుతూ, మేస్త్రీ ఈల ఊదితే కదుపుతూ, మళ్ళీ ఊదితే ఆపుతూ, పల్లకీ ఊరేగింపులా సాగింది. వర్క్‌షాపునుంచి వంటింటికి దారి కొంచెం పల్లం. బాయిలర్‌కి ఉత్సాహం ఎక్కువవుతుందని ముందే ఊహించి వెనక తాడుకి గట్టి మనుషుల్ని పెట్టారు. ప్రిన్సిపాల్ కూడా ఉండబట్టలేక తాడు పట్టుకున్నాడు. ఒక్క లాగు లాగేసరికి ప్యాంటు వెనక కుట్టు పర్రుమంది. ఆయన మిగతా ఊరేగింపంతా గోడకి వీపు ఆనించి నడిపించాడు.

పైపులు కలిపారు. తనిఖీ అధికారి వచ్చి అన్నీ చూసి సంతకం పెట్టాడు. మొదటిసారి ఆవిరి ఎక్కినప్పుడు ఎక్కువైన ఆవిరిని వదిలే రక్షణ కవాటం పరీక్షకని తెరిస్తే బుస్సుమని కేక పెట్టింది. వంటమాస్టారు గంటె వదిలేసి బయటికి దూకాడు. వెంటనే తేరుకుని, "గొంతు బాగుంది. మన లౌడ్‌స్పీకర్ చెల్లెలు," అన్నాడు. గిన్నెలు ఎంత శుభ్రంగా తోమారో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పరీక్షలో చాలామంది తప్పారు.

ఆఖరి పరీక్షలో మేడమ్ గోదాము ప్రశ్న అడగలేదు. "మీ పథకంలో తప్పిపోయినదేమిటి, అది ఎవరి మాట వింటే దొరికింది?" అని అడిగింది. ఒకరి జవాబు ఇంకొకరి జవాబుని పోలలేదు. దిద్దడానికి ఎక్కడలేని సమయం పట్టింది. అత్తగారు పక్కన కూర్చుని కొన్ని చదివించుకుని వింది. డ్రైవరు కూతురి సంగతి రాసినవాళ్ళందరికీ ఎక్కువ మార్కులు వెయ్యమని పట్టుబట్టింది.

లౌడ్‌స్పీకర్‌కి ఓడరేవులో ఉద్యోగమొచ్చింది. అక్కడ గాలి హోరులో కూడా ఆ పిల్ల మాట వినిపిస్తుందట, అందుకే తీసుకున్నారని క్లాసువాళ్ళ వేళాకోళం. ఆవలింత పాత యంత్రాలు విప్పి తరలించే సంస్థలో చేరాడు. "తెచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు మేడమ్, తీసుకెళ్ళేవాళ్ళే తక్కువ," అని ఫోన్లో చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆవలించాడు కూడా.

ఆ మరుసటి ఏడాది కొత్త బ్యాచికి కారే పైకప్పు ఇచ్చారు. లైబ్రరీది. పుస్తకాలన్నీ తరలించాలి, కప్పు విప్పాలి, వానలు పట్టేలోగా మళ్ళీ వెయ్యాలి. మొదటి రోజే వరండాలో పెద్ద రభస. పుస్తకాలు ముందా, నిచ్చెనలు ముందా అని రెండు పక్షాలై అరుచుకుంటున్నారు. గడువు మేడమ్ ఆ వరండాలోంచే నడిచి వెళ్ళింది. ఒక్క క్షణం ఆగింది. ఏది ముందో ఆవిడకి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరింది.

ఇంకా ఎండ ఉండగానే గుమ్మంలో అడుగుపెట్టిన కోడల్ని చూసి అత్తగారు కంగారుపడింది.

"ఇదేమిటే, ఇంత పెందలాడే వచ్చావు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందత్తయ్యా. పని అక్కడ జరుగుతోంది."

"నువ్వు లేకుండానే?"

"నేను లేకుండానే."

అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయల చేటని కోడలి ఒళ్ళోకి జరిపింది.

"అయితే ఇవి ఒలిచిపెట్టు," అని, ఒక క్షణమాగి, "ఎప్పటిలోగా అని మాత్రం నన్నడక్కు," అంది.